కడుపు కదలని మధుమేహ రోగికి పేగు గొట్టం: ఒక కేసు వివరణ

పీలేరు వైపు ఒక పల్లె నుంచి వచ్చిన ఈ రోగి వయసు 36 ఏళ్ళు. పద్నాలుగో ఏట టైప్ 1 మధుమేహం బయటపడినప్పటి నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నారు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతారు. భర్త టమాటా పండిస్తారు. తిరుపతిలో మా జీర్ణకోశ విభాగానికి వచ్చిన రోజు ఆమె బరువు 37 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు, అంటే బీఎంఐ 15.6. అంతకు ఐదు నెలల ముందటి చీటీలో బరువు 47 కిలోలు ఉంది. మనిషిని గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వ్యక్తిగత వివరాలు మార్చి, ఆమె అనుమతితో ఈ కేసు రాస్తున్నాను.

అడ్డంకి ఏదీ లేకుండానే జీర్ణాశయం కదలక ఆహారం అందులోనే నిలిచిపోయే జబ్బు గ్యాస్ట్రోపరేసిస్. అది తీవ్రమైనప్పుడు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్నకు, జీర్ణాశయం ఎంత మందగించిందో చూపే అంకె ఒక్కటే జవాబు చెప్పదు. చిన్నపేగు ఆహారాన్ని తీసుకుంటుందో లేదో ముందు తాత్కాలిక గొట్టంతో తేల్చుకోవాలి. పొట్ట మీద పెట్టే గొట్టం దేనికోసమో, ఎప్పుడు తీసేస్తామో రోగితో కలిసి ముందే రాసుకోవాలి. ఈ కేసులో ఆ క్రమం ఎలా నడిచిందో, ఎక్కడెక్కడ తర్జనభర్జన పడ్డామో చెప్పడమే ఈ రచన ఉద్దేశం.

రోగి చెప్పినది

ఆమె బాధ మొదలై అప్పటికి ఏడాది దాటింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోయేది, వికారం రోజంతా ఉండేది. "పొద్దున తిన్న ఇడ్లీ మాపటికి అట్లనే వచ్చేస్తాది సార్" అని ఆమె చెప్పిన మాటలో రోగ నిర్ధారణ సగం ఉంది. గంటల కిందట తిన్న ఆహారం జీర్ణం కాకుండా వాంతిలో కనపడిందంటే, దారిలో అడ్డంకి అయినా ఉండాలి, జీర్ణాశయం కదలడం అయినా మానేసి ఉండాలి. చక్కెర లెక్కలు కూడా అదే చెప్పాయి. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకున్న గంటకే చక్కెర 50కి పడిపోయేది. తిన్నది ఆలస్యంగా పేగులోకి దిగిన తర్వాత అర్ధరాత్రి 400 దాటేది. వాంతులకు భయపడి ఆమె ఇన్సులిన్ తగ్గించుకోవడం మొదలుపెట్టడంతో, ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకునే కీటోయాసిడోసిస్‌తో రెండుసార్లు ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది.

మా దగ్గరికి రావడానికి ముందు, ఎవరో పెట్టుడు మందు పెట్టారన్న అనుమానంతో బంధువులు ఆమెను మందు కక్కించే చోటికి తీసుకువెళ్ళారు. చిత్తూరు, అన్నమయ్య జిల్లాల్లో తిన్నది ఒంటబట్టక చిక్కిపోతున్న వాళ్ళను మొదట అక్కడికే తీసుకుపోవడం నేను తరచుగా చూస్తున్నాను. ఆ కుటుంబాన్ని తప్పుపట్టడానికి ఈ సంగతి రాయడం లేదు. మనిషి కళ్ళ ముందే కరిగిపోతుంటే ఇంట్లోవాళ్ళు ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. కానీ 40 కిలోల లోపు బరువున్న, అప్పటికే పొటాషియం తగ్గిన మధుమేహ రోగికి బలవంతంగా వాంతులు చేయించడం ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే చరిత్ర అడిగేటప్పుడు ఈ విషయాన్ని కోపగించుకోకుండా, దాచుకునే అవసరం లేకుండా అడగడం వైద్యులు అలవాటు చేసుకోవాలని కోరుకుంటాను.

ముందు తేల్చుకోవలసినవి

టైప్ 1 మధుమేహం ఉన్నవాళ్ళు బరువు తగ్గి, వాంతులు చేసుకుంటూ, చక్కెర పడిపోతుందని వస్తే గ్యాస్ట్రోపరేసిస్ అని వెంటనే రాసేయకూడదు. అడ్రినల్ గ్రంథులు దెబ్బతినే అడిసన్స్ వ్యాధి, గోధుమ పడని సీలియాక్ వ్యాధి, థైరాయిడ్ లోపం, ఈ మూడూ టైప్ 1 మధుమేహంతో జతగా వచ్చే ఆటోఇమ్యూన్ జబ్బులే. అడిసన్స్ ఉందని తెలియక గొట్టం వేస్తే రోగి బాగుపడకపోగా ప్రమాదంలో పడతారు. ఉదయపు కార్టిసాల్ (అడ్రినల్ హార్మోన్), సీలియాక్ యాంటీబాడీలు, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, గర్భ నిర్ధారణ పరీక్ష చేయించాం; అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాత్రంతా పరగడుపున ఉంచి ఎండోస్కోపీ చేస్తే జీర్ణాశయంలో పాత ఆహారం నిలిచి ఉంది, కానీ జీర్ణాశయం నుంచి పేగులోకి దారి అయిన పైలోరస్ దగ్గర అడ్డంకి ఏదీ లేదు. సీటీ స్కాన్‌లో పేగులకు అడ్డు లేదని చూడడంతో పాటు, బృహద్ధమనికీ, దాని నుంచి పేగులకు రక్తం తీసుకెళ్ళే సుపీరియర్ మెసెంటెరిక్ ధమనికీ మధ్య కోణాన్ని కూడా ప్రత్యేకంగా కొలిపించాం. ఇంత వేగంగా చిక్కినవాళ్ళలో ఆ ధమనుల మధ్య ఉండే కొవ్వు మెత్త కరిగిపోయి, కోణం 25 డిగ్రీల కన్నా తగ్గి, చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్ నొక్కుకుపోవచ్చు. దాని లక్షణాలూ ఇలాగే ఉంటాయి. ఆమెకు ఆ ఇబ్బంది లేదు.

మందుల సంచీ మొత్తం బల్ల మీద గుమ్మరించి చూస్తే అందులో కాళ్ళ మంటలకు రాసిన ట్రమడాల్, అమిట్రిప్టిలీన్ ఉన్నాయి. రెండూ జీర్ణాశయపు కదలికను మందగింపజేసేవే. వాటిని మాన్పించి, కొంత వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే న్యూక్లియర్ మెడిసిన్ పరీక్షకు పంపాం. టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన ఘనాహారం తినిపించి 4 గంటల పాటు చిత్రాలు తీసే ఈ పరీక్షకు పాశ్చాత్య దేశాల్లో గుడ్డు తెల్లసొన, బ్రెడ్ వాడతారు. మన దగ్గర ఇడ్లీతో చేసేవాళ్ళు ఉన్నారు. పరీక్ష సమయంలో చక్కెర 275 దాటి ఉంటే ఫలితాన్ని నమ్మలేం, ఎందుకంటే అధిక చక్కెర తనంతట తానే జీర్ణాశయాన్ని నెమ్మదింపజేస్తుంది. 4 గంటల తర్వాత 10 శాతానికి మించి ఆహారం మిగిలితే ఆలస్యం ఉన్నట్టు. ఆమెకు 46 శాతం మిగిలింది.

ఈ అంకె రోగాన్ని నిర్ధారించింది, అంతే. ఇంతే శాతం మిగిలినా మెత్తటి ఆహారంతో నెట్టుకొస్తున్నవాళ్ళు ఉన్నారు. ఇంతకన్నా తక్కువ మిగిలినా మంచం దిగలేనివాళ్ళు ఉన్నారు. ఆలస్యం ఎంత, బాధ ఎంత అన్నవాటికి లెక్క కుదరదని చాలా కాలంగా తెలిసిన విషయమే.

గొట్టం దాకా ఎందుకు వచ్చాం

ఆహారంలో మార్పు ముందే మొదలైంది. మా డైటీషియన్ ఆమెకు కొవ్వు, పీచు తగ్గించి, మెత్తగా రుబ్బిన ఆహారాన్ని రోజుకు ఆరు చిన్న భాగాలుగా ఇవ్వడం నేర్పారు. ఈ ప్రాంతపు భోజనంలో రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, గుగ్గిళ్ళు, ఆకుకూరలు ఎక్కువ. ఒంటికి బలమైన తిండే, కానీ కదలని జీర్ణాశయానికి పీచు, కొవ్వు రెండూ భారమే. వాటి స్థానంలో గంజి, వడకట్టిన పప్పుతేట, వెన్న తీసిన మజ్జిగ, మెత్తటి ఇడ్లీ ఇచ్చారు. జీర్ణాశయాన్ని కదిలించడానికి వాడిన మందుల్లో మెటోక్లోప్రమైడ్‌తో ఆమె ఒకచోట కూర్చోలేనంత అలజడి పడ్డారు. ఆ మందును 12 వారాలకు మించి కొనసాగించవద్దని, నోరు, నాలుక వాటంతట అవి కదిలే శాశ్వత లోపం రావచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. లీవోసల్పిరైడ్‌తో చేతులు వణికాయి. డోంపెరిడోన్ ఇద్దామంటే ఈసీజీలో క్యూటీ వ్యవధి అప్పటికే ఎక్కువగా ఉంది; ఆ మందు దాన్ని ఇంకా పెంచి గుండె లయ తప్పించవచ్చు. ఎరిత్రోమైసిన్ సిరప్ మొదట బాగా పనిచేసి, తర్వాత దానికి ఒళ్ళు అలవాటుపడి ఫలితం తగ్గిపోయింది. ప్రుకాలోప్రైడ్ కొంత ఉపశమనం ఇచ్చింది కానీ బరువు ఆగలేదు.

మూడు నుంచి ఆరు నెలల్లో 10 శాతం బరువు తగ్గడం, నోటి ఆహారంతో తిరిగి కోలుకోలేకపోవడం, నీరసించి లేదా కీటోయాసిడోసిస్‌తో పదేపదే ఆస్పత్రి పాలు కావడం గొట్టం గురించి ఆలోచించడానికి ఒప్పుకోదగ్గ కారణాలు. ఆమె 21 శాతం తగ్గారు. ఇంకా ఆగితే రోగనిరోధక శక్తి క్షీణించి, శస్త్రచికిత్సకు కూడా తట్టుకోలేని స్థితికి వస్తారని నా అంచనా. గొట్టాన్ని ఆఖరి ఆయుధంగా దాచిపెట్టి, 30 కిలోలకు దిగాక వాడడం కన్నా, ఈ దశలో వాడడమే మంచిదని కుటుంబానికి చెప్పాను.

అత్తగారి భయం వేరుగా ఉంది. "ముక్కులో పైపు ఏసినారంటే మనిషి కడాకు వచ్చేసినట్టే గదా సార్" అన్నారు. ఆమె ముక్కు గొట్టాలను చూసింది పక్షవాతం వచ్చి మంచాన పడ్డ బంధువుల దగ్గరే. "లేదమ్మా, ఈ పైపుతో మీ కోడలు లేచి మిషన్ తొక్కాలని వేస్తున్నాం" అని చెప్పాను. భర్త ప్రశ్న ఇంకో రకం: "ఎట్లా పొట్టకే పెట్టేది ఉంటే ఒకేసారి పెట్టేయండి సార్, ముందు ముక్కుకు, మళ్ళ పొట్టకు, రెండుసార్లు ఎందుకు?" ఖర్చు, కూలీ పోయే రోజులు, పీలేరు నుంచి రాకపోకలు, అన్నీ ఆ ప్రశ్నలో ఉన్నాయి, న్యాయమైన ప్రశ్నే. రోగి మాత్రం అందరి మాటలూ విని చివర్లో, "పైపు పెట్టినాక నోటితో తినేదానికి లేదా సార్?" అని అడిగారు. తినవచ్చు, రుచి కోసం, తృప్తి కోసం, ఎంత పడితే అంత తినవచ్చు, బరువు లెక్క మాత్రం గొట్టం చూసుకుంటుంది అని చెప్పినప్పుడే ఆమె మొహంలో బిగువు తగ్గింది. తింటేనే బతుకుతావు అని ఏడాది పాటు అందరూ ఒత్తిడి చేసిన మనిషికి, ఆ ఒత్తిడి తీసేయడం కూడా చికిత్సలో భాగమే.

ముక్కు గొట్టంతో పేగును పరీక్షించడం

భర్త ప్రశ్నకు నా జవాబు ఇది. మధుమేహం నాడులను దెబ్బతీసేటప్పుడు జీర్ణాశయం దగ్గరే ఆగుతుందన్న హామీ లేదు. చిన్నపేగు కూడా మందగించి ఉండవచ్చు. పేగు పనిచేయకపోతే పొట్ట కోసి పెట్టిన గొట్టం గాయంగా మిగులుతుంది తప్ప అక్కరకు రాదు. ఇంతకుముందు మేం చూసిన ఒక యువకుడికి, చిన్నపేగు కదలికలే కుంటుపడిన సూడో అబ్‌స్ట్రక్షన్ ఉంది. ముక్కు ద్వారా పేగులోకి వేసిన గొట్టంలో గంటకు 30 మిల్లీలీటర్లు దాటేసరికి కడుపు ఉబ్బి, నొప్పితో మెలికలు తిరిగాడు. ఆ తాత్కాలిక గొట్టం వల్లే అతనికి అనవసరమైన ఆపరేషన్ తప్పింది. నరం ద్వారా పోషణ ఇచ్చే వసతి ఉన్న పెద్ద కేంద్రానికి పంపగలిగాం.

ఈ రోగికి ముందు చూసిన ఒకచోట ముక్కు గొట్టం వేశారు కానీ అది జీర్ణాశయం దాకానే ఉంది. పోసిందంతా వాంతి అయిపోవడంతో గొట్టం పడదని ఇంట్లోవాళ్ళు తీర్మానించుకున్నారు. కదలని జీర్ణాశయంలోకి నోటితో పోసినా గొట్టంతో పోసినా తేడా ఉండదు. మేం వేసింది జీర్ణాశయాన్నీ డుయోడినమ్‌నూ దాటి, డుయోడినమ్ ముగిసే ట్రైట్జ్ లిగమెంట్ అవతల, చిన్నపేగు రెండో భాగమైన జెజునమ్‌లో కొన ఉండే నేసోజెజునల్ గొట్టం. ఎండోస్కోపీతో దాన్ని చేర్చి, ఎక్స్‌రేలో కొన ఎక్కడుందో చూసుకున్న తర్వాతే ఆహారం మొదలుపెట్టాం.

మొదలుపెట్టడంలో తొందర పనికిరాదు. బీఎంఐ 16 కన్నా తక్కువ ఉండడం, మూడు నుంచి ఆరు నెలల్లో 15 శాతం పైగా బరువు తగ్గడం, ఈ రెండింటిలో ఏ ఒక్కటి ఉన్నా రీఫీడింగ్ సిండ్రోమ్ ప్రమాదం ఎక్కువ; ఆమెకు రెండూ ఉన్నాయి. ఆకలికి అలవాటుపడిన శరీరంలోకి పిండిపదార్థాలు ఒక్కసారిగా వెళితే, ఇన్సులిన్ ప్రభావంతో రక్తంలోని ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి జొరబడి, గుండె లయ తప్పవచ్చు, ఊపిరి కండరాలు నీరసించవచ్చు. అందుకే ఆహారానికి ముందే థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, కిలోకు 10 కేలరీల లెక్కన, మిల్లీలీటరుకు ఒక కేలరీ ఉండే ఫార్ములాను గంటకు 20 మిల్లీలీటర్ల చొప్పున 18 గంటలు, అంటే మొదటి రోజు 360 కేలరీలు మాత్రమే ఇచ్చాం. మూడో రోజు ఫాస్ఫేట్ 1.8కి పడిపోయింది. నరం ద్వారా భర్తీ చేస్తూ వేగాన్ని పెంచకుండా అక్కడే నిలిపి, అంకె కుదుటపడ్డాక మళ్ళీ పెంచాం. కడుపు ఉబ్బరం లేదు, విరేచనాలు పట్టలేదు. గంటకు 80 మిల్లీలీటర్ల చొప్పున 14 గంటలకు 1,120 కేలరీలు చేరేసరికి, అంటే ఆమె అప్పటి బరువుకు కిలోకు 30 కేలరీలు, చిన్నపేగు పనిచేస్తోందని రుజువైంది.

మధ్యలో ఒకరోజు ఉదయం గొట్టం మూసుకుపోయిందని నర్సు పిలిచారు. సిరంజితో నీళ్ళు తోస్తే వెనక్కి తన్నుతున్నాయి. గొట్టం మొదట్లో బూడిద రంగు మడ్డి కనపడింది. పక్కన కిటికీ గట్టు మీద స్టీలు ఫ్లాస్కు ఉంది. అందులో అత్తగారు ఇంటి నుంచి పలుచగా కాచి, గుడ్డలో వడకట్టి తెచ్చిన రాగి జావ. డబ్బా పొడిలో ఏం బలం ఉంటుంది, రాగిలో ఉన్నంత బలం వస్తుందా అన్నది ఆమె బాధ. ఆమెను పక్కన కూర్చోబెట్టి గొట్టం ముక్క చేతిలో పెట్టి చూపించాం. 10 ఫ్రెంచ్ (గొట్టాల సైజు కొలత) గొట్టం బయటి వెడల్పే దాదాపు 3.3 మిల్లీమీటర్లు, లోపలి దారి ఇంకా సన్నం. జావ చల్లారితే పిండి పట్టేస్తుంది. దారి పట్టేంత పలుచన చేస్తే అందులో నీళ్ళే తప్ప కేలరీలు మిగలవు. పైగా జీర్ణాశయంలోని ఆమ్లం క్రిములను చంపే పని ఈ దారిలో జరగదు కాబట్టి, పేగులోకి నేరుగా పోసేది ఎంతో శుభ్రంగా ఉండాలి. గోరువెచ్చని నీటితో నెమ్మదిగా ముందుకూ వెనక్కూ లాగుతూ ఆ గొట్టాన్ని తెరవగలిగాం. జావ మానవద్దని, దాన్ని కోడలికి రెండు గుక్కలు నోటితో తాగించమని చెప్పాం. ఆ తర్వాత ఫార్ములా కలపడం, చేతులు కడుక్కోవడం, గొట్టం కడగడం అన్నీ ఆ ఇంట్లో ఎక్కువ శ్రద్ధగా నేర్చుకున్నది అత్తగారే.

పొట్ట మీది గొట్టం: ఏది, ఎందుకు

ముక్కు గొట్టం నాలుగు నుంచి ఆరు వారాలకు మించి ఉంచడం మంచిది కాదు. ముక్కు, గొంతు ఒరుసుకుపోతాయి, వాంతితో గొట్టం బయటికి వచ్చేస్తుంది. తర్వాతి మెట్టు దగ్గర మా ముందు రెండు దారులు నిలిచాయి. జీర్ణాశయం మీద రంధ్రం చేసి, దానిలోంచి సన్నటి గొట్టాన్ని పేగులోకి పంపే పద్ధతిలో ఒక లాభం ఉంది: అదే రంధ్రం నుంచి జీర్ణాశయంలో పేరుకున్న గాలిని, ద్రవాన్ని బయటికి తీసి వికారం తగ్గించవచ్చు. కానీ ఓకరింతలు ఇంకా ఉన్న మనిషిలో లోపలి సన్న గొట్టం వెనక్కి జీర్ణాశయంలోకి జారుకోవడం తరచుగా జరిగేదే, జారిన ప్రతిసారీ ఎండోస్కోపీ చేయాలి. పీలేరు అవతలి పల్లెలో ఉండే మనిషికి అది భరించలేని తిప్పట. అందుకని లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) ద్వారా నేరుగా జెజునమ్‌కే గొట్టం కుట్టే జెజునాస్టమీని ఎంచుకున్నాం. మా సర్జన్ మొదట బరువు 40 కిలోలకు రావాలని పట్టుబట్టారు. అది సరైన పట్టుదల, ముక్కు గొట్టంతోనే ఆ బరువు తెచ్చాం.

పైలోరస్ కండరాన్ని ఎండోస్కోపీతో కోసే జీ-పోయెమ్ అనే చికిత్స గురించి కూడా కుటుంబంతో మాట్లాడాం. 2013లో మొదటిసారి మనుషుల్లో చేసినట్టు ప్రచురితమైన ఈ విధానం ఇప్పుడు మన దేశంలోని పెద్ద కేంద్రాల్లో జరుగుతోంది. బలం పుంజుకున్నాక ఆలోచిద్దామని అందరం అనుకున్నాం. నరం ద్వారా పోషణ అవసరం ఈమెకు లేదు. పేగు పనిచేస్తున్నంత కాలం రక్తనాళపు గొట్టాల ఇన్ఫెక్షన్లు, రక్తపు గడ్డలు, కాలేయ ఇబ్బందులు కొనితెచ్చుకోనక్కరలేదు.

ఆపరేషన్ ముందురోజు ఒక కాగితం మీద రాసుకుని నేనూ, రోగీ సంతకం చేశాం. గొట్టం పెట్టేది బరువు 46 కిలోలకు తేవడానికి, చక్కెరను నిలకడగా ఉంచడానికి. నోటి ఆహారంతో బరువు మూడు నెలలు నిలిస్తే గొట్టం తీసేస్తాం. వికారం గొట్టంతో పోతుందని మేం మాట ఇవ్వడం లేదు. ఈ చివరి వాక్యం రాయడం చాలా అవసరమని నా నమ్మకం. గొట్టం పోషణ ఇస్తుంది, జీర్ణాశయాన్ని కదిలించదు. ఆ తేడా ముందే తెలియకపోతే, మొదటిసారి వాంతి అయినప్పుడే ఆపరేషన్ దండగ అయిందన్న నిరాశ మొదలవుతుంది.

ఇంట్లో

ఇంటికి పంపే ముందు ఎక్కువ సమయం ఇన్సులిన్ మీదే పెట్టాం. సాయంత్రం 6 నుంచి ఉదయం 8 దాకా గొట్టంలోకి ఆహారం పంపే పంపు నడుస్తుంది. పంపు మొదలుపెట్టేటప్పుడు మధ్యస్థ కాలం పనిచేసే ఎన్‌పీహెచ్ ఇన్సులిన్, దానికి తోడు రోజుకొకసారి తక్కువ మోతాదులో దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్. ఇందులో అసలు ప్రమాదం, ఇన్సులిన్ ఒంట్లో ఉండగా పంపు ఆగిపోవడం. కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూపించి, పంపు ఆగిన వెంటనే చక్కెర చూడాలని, పడిపోతుంటే గ్లూకోజు నీళ్ళు గొట్టంలోనే పోయాలని భర్తకు చేయించి మరీ నేర్పాం. ఆమె నోటితో తాగిన చక్కెర నీళ్ళు జీర్ణాశయంలోనే నిలిచిపోవచ్చు. పేగులోకి పోసినవి త్వరగా రక్తంలో కలుస్తాయి. తల వైపు ఎత్తుగా ఉంచి పడుకోవడం, మందులు వీలైనంత వరకు ద్రవరూపంలో ఇవ్వడం, నెమ్మదిగా కరిగే మాత్రలను పొడిచేసి గొట్టంలో పోయకపోవడం, ఆహారానికి ముందూ తర్వాతా కాచి చల్లార్చిన 30 మిల్లీలీటర్ల నీటితో గొట్టం కడగడం గోడ మీద రాసి అంటించుకున్నారు. గొట్టం ఊడిపోతే ఇంట్లో తిరిగి తోయవద్దని, రంధ్రం గంటల్లోనే మూసుకుపోతుంది కాబట్టి ఆ రోజే రావాలని గట్టిగా చెప్పాం.

ఒకసారి గొట్టం చుట్టూ చర్మం ఎర్రబడి చీము పట్టింది, మందులతో తగ్గింది. ఇంకోసారి గొట్టం మూసుకుంది. కీటోయాసిడోసిస్‌తో మాత్రం మళ్ళీ చేరలేదు. ఆరు నెలలకు బరువు 45 కిలోలు. వికారం ఉంది, వాంతులు వారంలో ఒకటి రెండుకు తగ్గాయి. పగలు మిషన్ మీద కూర్చుంటున్నారు, మధ్యాహ్నం పప్పుతేటతో కాస్త అన్నం తింటున్నారు. రాత్రి ఆహారాన్ని వారానికి ఏడు రాత్రుల నుంచి నాలుగుకు తగ్గించాం. గొట్టం లేని రాత్రులకు ఇన్సులిన్ లెక్క వేరుగా రాసిచ్చాం. బరువు 43కి దిగితే మళ్ళీ ప్రతి రాత్రీ మొదలుపెడతాం. నిలిస్తే వచ్చే సందర్శనలో రెండు రాత్రులకు తగ్గించి, జీ-పోయెమ్ కోసం పంపాలా వద్దా అన్నది అప్పటి వాంతుల తీరును బట్టి ఆమెతో కూర్చుని నిర్ణయిస్తాం.